ఆ గిట్ టూల్‌లో "స్టాష్ చేసి మారు" బటన్ నొక్కకండి

కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్‌ని బటన్లతో నడిపే ఆ పెయిడ్ టూల్ కొన్నవాళ్లు, కొందామనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. పేరు చెప్పక్కర్లేదు, "టెర్మినల్‌తో పనే లేదు" అని ప్రతి వీడియో ముందూ వచ్చి వాయించేదే.

సగం పనిలో ఉండగా అర్జెంట్ బగ్ అన్నారు. కమిట్ చేసే (గిట్ చరిత్రలో నమోదు చేసే) స్థితిలో లేదు కోడ్. సగం పనిని పక్కన దాచి (అదే స్టాష్) వేరే బ్రాంచ్‌కి, అంటే కోడ్‌లో ఇంకో పాయకి, మార్చే ఆ బటన్ నొక్కాను. "మీ మార్పులన్నీ భద్రం" అని పచ్చ టిక్కు కూడా చూపించింది మహాతల్లి. బగ్ సరిచేసి వచ్చి పాప్ కొడితే (దాచినవి వెనక్కి రప్పిస్తే) పాత ఫైళ్లలో మార్పులొచ్చాయి. కొత్తగా రాసిన ఫైళ్లు గల్లంతు.

లాగ్ తెరిస్తే బయటపడింది అసలు భాగోతం. మామూలు గిట్ స్టాష్ ట్రాక్ కాని ఫైళ్లను, అంటే గిట్‌కి ఇంకా అప్పగించని కొత్తవాటిని, ముట్టుకోదు, ఉన్నచోటే వదిలేస్తుంది. వాటినీ తీసుకోవాలంటే మైనస్ యు (-u) ఇవ్వాలి. ఈ టూల్ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోయె, వెంటనే గిట్ క్లీన్ మైనస్ ఎఫ్‌డీ నడిపింది! స్టాష్‌లోకి ఎక్కని ఫైళ్లను ఏరి మరీ చెరిపేసింది. పొరపాటున డ్రాప్ చేసిన (తీసేసిన) స్టాష్ అయితే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే (git fsck) కమాండ్‌తో వెతికి పట్టుకోవచ్చు. ఇవి గిట్ కంట పడనే లేదు, ఎక్కడని వెతకను?

సపోర్ట్‌కి లాగ్ పంపాను. వాళ్ల జవాబు: "ట్రాక్ కాని ఫైళ్లు మార్పుల కిందకి రావు. టూల్ సరిగ్గానే పనిచేసింది." మార్పుల కిందకి రానివాటిని చెరపడం దేనికి మరి? అదే అడిగాను. "గిట్ ప్రాథమికాంశాలపై మా పాఠం చూడండి" అని లింకు పడేసి టికెట్ మూసేశారు. ఇంకో మాట రాసే వీలు కూడా లేదు. గిట్ తెలియక్కర్లేదని అమ్మిందీ వీళ్లే, నేర్చుకుని రమ్మన్నదీ వీళ్లే! ఊరికే వచ్చే కమాండ్‌కి ఏడాది చందా కట్టిన తెలివి నాది, ఇంకెవరినని ఏం లాభం. రిఫండ్ ఊసే లేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు బ్రాంచ్ మారే ముందు కొత్త ఫైళ్లను గిట్ యాడ్ చేయండి, అప్పుడు మామూలు స్టాష్‌లోకి కూడా వస్తాయి. లేదా టెర్మినల్‌లో గిట్ స్టాష్ పుష్ మైనస్ యు కొట్టండి. సగం పనైనా సరే కమిట్ చేసి పడేస్తే ఇంకా నయం. ఆటో రెన్యువల్ ఆపే మీట సెట్టింగ్స్‌లో లేదు, బిల్లింగ్ పేజీ అట్టడుగున బూడిదరంగు అక్షరాల్లో దాచారు.