కాక్‌టెయిల్ మిక్సర్లు కొనేవాళ్ళు గడువు తేదీ మీద గోరుతో గీకి చూడండి

రీల్స్‌లో రోజూ కనపడే ఆ నీలం గ్లాసు బొమ్మ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. "మిగిలిన మందుతో ఇంట్లోనే బార్ లెవెల్ కాక్‌టెయిల్" అంటాడు చూడండి, అతనే. అతని దగ్గర ఏదీ కొనకండి. నిన్న రాత్రి జరిగింది ఇది, నాకింకా కోపం దిగలేదు.

దసరాకు తెచ్చినదాంట్లో సగం సీసా వైట్ రమ్, ఒక క్వార్టర్ వోడ్కా, అడుగున రెండు వేళ్ళంత జిన్ మిగిలాయి. బామ్మర్ది వచ్చాడు కదా, కొత్తగా ఏదైనా కలుపుదామని అతని దగ్గరే మిక్సర్లు, అంటే మందులో కలిపే రుచుల సీసాలు, నాలుగింటి సెట్ తెప్పించాను. 1,240 రూపాయలు. డబ్బులు పడేదాకా "అన్నా, అన్నా" అని ఒకటే మెసేజీలు.

పినా కొలాడా సీసా మూత తిప్పగానే బుస్సుమని పొంగింది. అది సోడా కాదు, కొబ్బరి మిక్స్, పొంగకూడదు. అక్కడే ఆగాల్సింది, ఆగలేదు, తప్పు నాదే. రమ్మంతా జగ్గులో పోసి కలిపేశాను. బామ్మర్ది రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "బావా, పులిసిపోయిన కొబ్బరి చట్నీ వాసనొస్తోంది." లైటు కింద పట్టుకుని చూస్తే గ్లాసు అంచుకి తెల్లగా ముద్దలు. సీసా వెనక గడువు 2026 మార్చి అని ఉంది, కానీ ఆ ఒక్క చోట కాగితం కాస్త ఉబ్బెత్తుగా తగిలింది. గోరుతో గీకితే ఊడొచ్చింది. దాని కింద అసలు ప్రింటు, 2025 జనవరి. మిగతా మూడు సీసాలూ గీకాను. మూడూ అంతే.

వెంటనే ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్‌లో ఉంది, మా ఆవిడ, బామ్మర్ది పక్కనే ఉన్నారు. "మందులో కలిపేదే కద సార్, మందు అన్ని క్రిములను సంపుతది, ఏం కాదు" అన్నాడు. "అన్నా" పోయి "సార్" అయింది. డబ్బు వాపసు ఇవ్వమంటే గొంతు మారిపోయింది. "పండుగల మిగిలిన సీసాలు తుడుసుకొని తాగేటోళ్ళు గూడ డేట్లు జూస్తరా?" అని ఫోన్ పెట్టేసి, నంబర్ బ్లాక్ చేశాడు. మా ఆవిడ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. 1,240 పోతే పోయాయి, నా ఇంట్లో, నా వాళ్ళ ముందు ఆ మాట పడ్డాను చూడండి, అది మింగుడు పడటం లేదు. రాత్రి రెండింటికి బామ్మర్దికి వాంతులు. తెల్లారేదాకా ఓఆర్‌ఎస్ కలిపిస్తూ కూర్చున్నాను.

మందు క్రిముల్ని చంపుతుందన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి. మన దగ్గర రమ్, వోడ్కా సీసాలో మామూలుగా ఉండే ఆల్కహాల్ 42.8 శాతం. 60 మిల్లీల పెగ్గులో మిక్సర్, ఐసు పోసి 200 మిల్లీలు చేస్తే మిగిలేది 13 శాతం లోపే. చెడిపోయినదాన్ని అది బాగుచేయదు. రమ్, వోడ్కా మూత బిగించి పెడితే ఏళ్ళ తరబడి ఉంటాయి, చెడిపోయేది కొబ్బరి, పాలు, పళ్ళ రసం. నేను మందు పాతదేమోనని చూసుకున్నానే తప్ప మిక్సర్ సంగతి ఆలోచించనేలేదు.

కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే తేదీ దగ్గర గీకి చూడండి, 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు ఉందో లేదో కూడా చూడండి. నా సీసాల మీద లేదు. సీసాలు పారేయకండి, ఫోటోలు తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను పొద్దున్నే చేశాను. ఊడిన స్టిక్కర్లు నాలుగూ కవర్లో వేసి దాచాను. మీ దగ్గరా అలాంటివి ఉంటే కింద చెప్పండి, కలిసే ఫిర్యాదు పెడదాం.