18-135 జూమా, 35 ప్రైమా?

ఏపీఎస్-సీ కెమెరాకి (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది) ఈ రెండు లెన్సుల్లో ఏది కొనాలి: 18 నుంచి 135 ఎంఎం దాకా మార్చుకోగలిగే జూమా, 35 ఎంఎం దగ్గరే స్థిరంగా ఉండే ప్రైమా?

ప్రయాణాల్లో 18-135 జూమ్‌కి తిరుగులేదు. కొండల వరుస మొత్తం 18లో పడుతుంది, దూరంగా ఆడుకుంటున్న పాప ముఖం 135లో దగ్గరికొస్తుంది. లెన్స్ మార్చే పని లేదు, సెన్సర్ మీద దుమ్ము పడుతుందన్న టెన్షనూ తక్కువే.

ఇంట్లో కథ వేరు. వెలుతురు చాలదు, పిల్లలు కుదురుగా ఉండరు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్/1.8 ఉన్న 35 ఎంఎం ప్రైమ్‌లోకి, ఎఫ్/4 దగ్గర ఉన్న జూమ్ కంటే దాదాపు 5 రెట్లు వెలుతురు వస్తుంది. షట్టర్ వేగం 1/40 సెకను బదులు 1/200 పెట్టుకోవచ్చు, పరిగెత్తే పిల్లలు మసకబారరు. జూమ్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు. అది మన చేతి వణుకును ఆపుతుంది కానీ వాళ్ల పరుగును ఆపదు. కాకపోతే ఇరుకు గదిలో కుటుంబమంతా 35లో పట్టడం కష్టం.

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ఇప్పటికే ఉంటే ప్రైమే తీసుకోండి. ఏ లెన్సూ లేకపోతే ముందు జూమ్.