బత్తాయి తోట సొమ్ము, స్విట్జర్లాండ్ వీసా

గత వేసవిలో అమ్మనూ నాయననూ స్విట్జర్లాండ్‌కు, అక్కడి నుంచి పారిస్‌కు తీసుకువెళ్లాను. పదకొండు రోజుల ఆ ప్రయాణంలో పడిన శ్రమ కంటే దానికి వీసా సంపాదించడానికి పడిన శ్రమే ఎక్కువ. మా నల్లగొండ వైపు నుంచి వయసు మళ్లిన రైతు దంపతులను విదేశం తీసుకువెళ్లాలనుకునే వారికి పనికివస్తుందని, ఎవరి సాయం ఖర్చుకు తగినట్టు ఉందో, ఏది వృథా అయిందో రాస్తున్నాను.

మొదటి చిక్కు పాస్‌పోర్టులోనే ఎదురైంది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరు గడిలో ఒక్క మాటే ఉంది. దారిలో రెండు రోజులు దుబాయిలో ఆగాలని మేము అనుకున్నాం. అయితే ఇలా ఒకే పదంతో పేరున్న వారిని పర్యాటక వీసాపై రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తరువాత సడలింపు ఇచ్చినా, అర్ధరాత్రి విమానాశ్రయంలో అమ్మను పక్కన పెట్టుకుని ఆ సంగతి వాదించే ఓపిక నాకు లేదు. నల్లగొండ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో 1,500 రూపాయలు కట్టి ఇంటిపేరుతో కొత్త పాస్‌పోర్టు తీసుకున్నాం. ఖర్చు లెక్క చూసుకున్నాక దుబాయి ఎలాగూ మానుకున్నాం గానీ, ఈ పని మాత్రం ఎవరైనా అన్నిటికంటే ముందు చేసుకోవలసినదే.

ఇక ఏజెంట్ల సంగతి. మా ఊళ్లో ఒక ఇంటర్నెట్ సెంటర్ వారు ఫారానికి ఐదు వందలు అడిగారు. హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ సంస్థ తలకు తొమ్మిది వేలు అడిగి, "వీసా గ్యారంటీ సార్" అన్నది. వీసా ఇచ్చేది కాన్సులేట్; దరఖాస్తు తీసుకునే కేంద్రానికే నిర్ణయాధికారం లేనప్పుడు ఏజెంటు గ్యారంటీకి విలువేముంటుంది? పైగా వారు ఇచ్చిన సలహాలు రెండూ నాకు నచ్చలేదు. స్విట్జర్లాండ్‌కు అపాయింట్‌మెంట్లు దొరకడం లేదు కాబట్టి, తొందరగా దొరికే మరో దేశంలో ఎక్కువ రోజులు ఉంటున్నట్టు కాగితాల మీద చూపిద్దామన్నారు. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ వంటి ఐరోపా దేశాలన్నిటికీ చెల్లే ఒకే వీసా షెంగెన్; దాని నియమం ప్రకారం ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుతామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. మాకు ఆరు రాత్రులు స్విట్జర్లాండ్‌లో, నాలుగు పారిస్‌లో. రెండో సలహా, డమ్మీ హోటల్ బుకింగులు పెట్టడం. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న నిజమైన గదులే దొరుకుతున్నప్పుడు ఆ అబద్ధం అవసరమే లేదు. ఆ సంస్థకు నమస్కారం చెప్పి, ఫారాలు నేనే నింపాను.

అసలు కష్టం డబ్బు వివరణలో ఉంది. నాయనకు జీతం చీటీ లేదు, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనుక రిటర్నులూ లేవు. బ్యాంకు ఖాతాలో నెలల తరబడి ఏమీ కదలకుండా, దరఖాస్తుకు ఇరవై రోజుల ముందు నాలుగు లక్షల అరవై వేలు ఒక్కసారిగా జమయ్యాయి. అది కత్తెర కాపు బత్తాయి అమ్మిన సొమ్ము. పరాయి దేశపు అధికారికి అది ఎవరో వీసా కోసం అప్పుగా వేసిన డబ్బులా కనిపిస్తుంది. ఇంటర్నెట్ సెంటర్ కుర్రవాడికి ఈ సంగతి తట్టలేదు, ఏజెంటుకు తట్టినా పట్టలేదు. "పైసలు యాడికెల్లి వచ్చినయో అడుగుతరు గద బిడ్డా, తోట సంగతి రాయి" అన్నది నాయనే. పట్టాదారు పాసుపుస్తకం నకలు, దానికి ఇంగ్లీషు అనువాదం, తోట కాపును కొన్న వ్యాపారి ఇచ్చిన రసీదు, అంతకు ముందు రెండేళ్ల కాపు సొమ్ము జమైన ఖాతా పేజీలు వరుసగా పెట్టి, బత్తాయి రైతుకు ఆదాయం నెలనెలా కాక కాపుకు ఒకసారి వస్తుందని ఒక పేజీ లేఖలో వివరించాను. మరుసటి కాపు పనులకు ఆయన తోటలో ఉండక తప్పదన్న వాక్యం కూడా చేర్చాను. తిరిగి వస్తారనడానికి అంతకంటే గట్టి రుజువు మా దగ్గర లేదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు ఫొటోల వంటివి అందరికీ ఉండేవే.

హైదరాబాద్‌లోని వీసా దరఖాస్తు కేంద్రంలో అపాయింట్‌మెంట్ ఉదయం తొమ్మిదికి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా బస్సులో రెండున్నర గంటలే అంటారు గానీ, ఎల్బీనగర్ దగ్గర బండ్లు ఎప్పుడు ఆగిపోతాయో చెప్పలేం. అందుకని ముందు రోజే వెళ్లి ఎల్బీనగర్‌లోని బంధువుల ఇంట్లో పడుకుని, పొద్దున మెట్రో ఎక్కాం. లాడ్జికి పెట్టే రెండు వేలు మిగిలాయి. కేంద్రంలో అదనపు రుసుముతో ఇచ్చే ప్రత్యేక గదిని పెద్దవాళ్ల కోసమని తీసుకున్నాను. అక్కడ మెత్తటి కుర్చీలు, ఒక కప్పు టీ తప్ప పని తొందరగా అయిందేమీ లేదు. కొరియర్ మాత్రం తీసుకోదగ్గదే, పాస్‌పోర్టుల కోసం మళ్లీ రెండు వందల కిలోమీటర్లు తిరిగే పని తప్పింది. వేలిముద్రల దగ్గర నాయనకు చాలాసేపు పట్టింది. నలభై ఏళ్లు పార పట్టిన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి విసుక్కోకుండా తడిగుడ్డతో తుడిపించి నాలుగుసార్లు ప్రయత్నించింది. మళ్లీ షెంగెన్ వీసా అడిగితే ఆ ముద్రలే 59 నెలల వరకు పనికివస్తాయి.

వీసా రుసుము మనిషికి 90 యూరోలు, 2024 జూన్‌కు ముందు 80 ఉండేది. పన్నెండో రోజున వీసాలు వచ్చాయి.

జ్యూరిక్‌లో ఇమిగ్రేషన్ అధికారి హోటల్ కాగితాలు, తిరుగు టికెట్టు చూపమన్నాడు. ఫైలులో పెట్టినవే చూపాం, అంతే. ఇంటర్‌లాకెన్‌లో హోటల్ వదిలి వంటగది ఉన్న ఇల్లు తీసుకోవడం మంచిదైంది. అమ్మ వెంట తెచ్చిన జొన్నపిండితో రొట్టెలు చేసింది. 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోహ్ రైల్వేస్టేషనుకు, అక్కడి రైళ్లకూ పడవలకూ చెల్లే స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నా కొండమీది రైలుకు రాయితీ మాత్రమే ఇస్తారు, అక్కడ చలికి పెద్దవాళ్లు గంట కూడా నిలవలేకపోయారు. అదే పాస్‌తో రీగీ కొండ, సరస్సుల మీది పడవలు పూర్తిగా ఉచితం. లూసర్న్ సరస్సు మీద నాయన సాగర్ లాంచీని గుర్తుచేసుకుంటూ మూడు గంటలు లేవలేదు. మళ్లీ వెళ్తే యుంగ్‌ఫ్రావ్ మానేస్తాను.

ఆ ఫైలు ఇప్పుడు బీరువాలో పాసుపుస్తకం పక్కనే ఉంది. పక్క తోట రైతు తన కొడుకుతో వచ్చి జిరాక్సు తీసుకుంటానంటే, కాగితాల వరుసను మాత్రమే చూసుకొమ్మని, లేఖను తన తోట లెక్కలతో తానే రాసుకొమ్మని చెప్పి ఇచ్చాను.