లూయిస్, క్లార్క్ దారి ముగిసిన చోట

పోర్ట్‌లాండ్ నుంచి ఆరెగాన్ తీరంలోని సీసైడ్ వెళ్లే మనవాళ్లు చాలామంది బీచ్ ఒడ్డున లూయిస్, క్లార్క్ విగ్రహం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో మేం ఇంకొంచెం ముందుకు, కొలంబియా నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం.

పసిఫిక్ సముద్రానికి దారి వెతుకుతూ 1804 మేలో సెయింట్ లూయిస్ దగ్గర బయల్దేరిన లూయిస్, క్లార్క్ అన్వేషక బృందం 1805 నవంబరులో ఇక్కడికి చేరింది. ఆస్టోరియా వంతెన దాటితే, వాషింగ్టన్ వైపు మిడిల్ విలేజ్ వస్తుంది. ఇక్కడి ఆదివాసులైన చినూక్ ప్రజల పాత ఊరు. చలికాలం ఎక్కడ గడపాలో నవంబరు 24న ఇక్కడే ఒక్కొక్కరినీ అడిగారు. క్లార్క్‌కు బానిసగా ఉన్న యార్క్ మాటా, బృందంతో వచ్చిన షొషోనీ తెగ మహిళ సకాజవియా మాటా రాసుకున్నారు. అంత కష్టం పంచుకున్న యార్క్‌కు తిరిగి వెళ్లాక కూడా క్లార్క్ ఏళ్ల తరబడి స్వేచ్ఛ ఇవ్వలేదు. నాన్నకు ఇది చెబితే చాలాసేపు మాట్లాడలేదు. చినూక్‌లకు 2001లో తెగగా ఇచ్చిన అధికారిక గుర్తింపును కూడా ఫెడరల్ ప్రభుత్వం మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. ఈ యాత్రలో ఒక్క చోటే చూడగలిగితే నేను మిడిల్ విలేజే చూడమంటాను.

తుఫానులో లూయిస్, క్లార్క్ బృందం చిక్కుకుపోయిన డిస్మల్ నిచ్ ఇప్పుడు హైవే పక్కన రెస్ట్ ఏరియా. కాసేపు ఆగితే చాలు.

ఆరెగాన్ వైపు, వాళ్లు చలికాలం గడిపిన ఫోర్ట్ క్లాట్సాప్‌కు మాత్రం సగం రోజు ఉంచుకోండి. 1955లో కట్టిన నమూనా కోట 2005లో కాలిపోతే మళ్లీ కట్టారు. అసలు కోటలో యాభై అడుగుల చదరంలో ముప్పైమందికి పైగా 106 రోజులున్నారు, అందులో వాన పడనివి 12 రోజులే. ఆ చీకటి గదుల్లోకి వెళ్తే ఆ చలికాలం ఎంత నరకమో అర్థమవుతుంది. చెట్ల మధ్య నడక దారి పెద్దవాళ్లకూ సులువే. ఆస్టోరియా కాలమ్‌కు 164 మెట్లు, మోకాళ్ల నొప్పులుంటే కింద నుంచి కనిపించే నదే చాలు. సీసైడ్‌లో ఆ బృందం సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీసిన చోటు ఇళ్ల మధ్య ఓ రాళ్ల పొయ్యి, అంతే.

సీసైడ్‌లో దిగిన మోటెల్‌లో గదంతా చెమ్మ వాసన, తువ్వాళ్లు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. కేప్ డిసపాయింట్‌మెంట్ పార్కులోని యర్ట్ అనే గుండ్రటి గుడారం దానికంటే ఎంతో నయం. హీటర్ ఉంటుంది, బాత్రూమ్ మాత్రం బయట. దుప్పట్లు మనవే తీసుకెళ్లాలి. శాకాహారం దొరకడం కష్టం, పులిహోర కట్టుకెళ్లండి. వేసవికైతే యర్ట్ నెలల ముందే బుక్ చేసుకోవాలి.