అయిదున్నర అంగుళాల మడత కత్తి: ఎనిమిదేళ్ల తరువాత

2017 అక్టోబరులో ఈ కత్తి కొన్నాను. బ్లేడు అయిదున్నర అంగుళాలు. తెరిస్తే మొత్తం పన్నెండు అంగుళాల పైచిలుకు, మడిస్తే ఏడుకు కాస్త తక్కువ. బరువు సుమారు 210 గ్రాములు. అమెరికన్ కంపెనీది. పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే కష్టసుఖాలు ఆ కంపెనీవి కావు, ఆ సైజువి. ఈ కొలతలో మడత కత్తి ఎవరు చేసినా కొన్నవాడి పాట్లు ఇంచుమించు ఇవే.

కొనడానికి కారణం అవసరం కాదు, వార్త. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో కత్తుల చట్టం మారింది. అప్పటిదాకా అయిదున్నర అంగుళాలు దాటిన బ్లేడునూ, బాకునూ, బోవీ కత్తి అనే పెద్ద కత్తినీ వెంట పెట్టుకుని తిరగడం నేరం. టెక్సస్ తిరుగుబాటులో పోరాడిన జిమ్ బోవీ 1836లో ప్రాణం విడిచిన అలమో కోట ఇదే రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరం నడిబొడ్డున ఉంది. రోజూ జనం వెళ్లి చూసి వస్తారు. ఆయన పేరున్న కత్తి మాత్రం అదే రాష్ట్రంలో నిషిద్ధాల జాబితాలో ఉండేది! కొత్త చట్టంతో ఆ జాబితా పోయింది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఎంత పొడవు కత్తినైనా వెంట ఉంచుకోవచ్చు. కాకపోతే అయిదున్నర దాటినదాన్ని బడి, కోర్టు, ఆసుపత్రి, పోలింగు కేంద్రం, బారు లాంటి చోట్లకు తీసుకువెళ్లకూడదు. డాలస్ పక్కన అద్దె ఇంట్లో ఉండి, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే మీకు ఈ స్వేచ్ఛతో ఏం పని అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అయినా కొన్నాను.

అయిదున్నరే ఎందుకంటే, చట్టంలో ఉన్నది ‘అయిదున్నర దాటితే’ అన్న మాట. సరిగ్గా అయిదున్నర ఉంటే దాటినట్టు కాదు కదా అని నా లెక్క. పెట్టె విప్పగానే మా ఆవిడ కుట్టుమిషను టేపు తెచ్చి కొలిచాను. మొన నుంచి పిడి మొదటి దాకా కొలిస్తే ఒక వెంట్రుక ఎక్కువ వచ్చినట్టు ఉంది, పదును ఉన్నంత మేరే కొలిస్తే తక్కువ. నాలుగుసార్లు కొలిచాను, నాలుగు రకాలుగా వచ్చింది. పోలీసు కొలిస్తే అయిదో రకం వస్తుందేమోనని అనుమానం మొదలైంది. ఆ రోజే నిర్ణయించుకున్నాను: ఇది దాటినదే అనుకుని నడుచుకోవాలి.

జేబు సంగతి. జీన్స్ ప్యాంటు కుడి జేబులో క్లిప్పుతో తగిలిస్తే నిలబడినంతసేపు బాగానే ఉంటుంది. కూర్చుంటే కథ మారుతుంది. కారు సీట్లో కూర్చోగానే పిడి పై కొన తొడకూ పొట్టకూ మధ్య ఉన్న మడతలోకి దిగుతుంది. సీటు బెల్టు సరిగ్గా దాని మీదుగానే వెళుతుంది. గంట ప్రయాణం తరువాత అక్కడ ఎర్రగా అచ్చు పడుతుంది. ఆ జేబులో ఇక తాళంచెవి పట్టదు, చెయ్యీ పట్టదు. ఫోను ఎడమ జేబుకు మారింది, పర్సు వెనక్కి పోయింది. ఒక్క కత్తి కోసం ప్యాంటులో ఉన్న సంసారమంతా ఇల్లు మారింది. క్లిప్పు ఒరుసుకుని రెండు ప్యాంట్ల జేబు అంచులు పీచులు తేలాయి. పండగనాడు కుర్తా వేసుకుని పక్క జేబులో వేసుకుంటే గుడి గంటలా ఊగింది. గుడి దాకా వెళ్లకుండానే కారులో పెట్టేశాను. దేవుడి దగ్గరకు కత్తితో వెళ్లకూడదని ఎవరూ చెప్పనక్కరలేదు.

మొదటి ఏడాది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది బరువు కాదు, చప్పుడు. బొటనవేలితో తోసి తెరిస్తే చివర్లో ‘ఠక్’ మని తాళం పడుతుంది. కొన్న కొత్తలో సాయంత్రాలు సోఫాలో కూర్చుని అదే పని. స్పెయిన్ వాళ్ల పాత నవాహా మడత కత్తులు తెరుస్తుంటే గరగరమని పళ్ల చప్పుడు వచ్చేదట. మడత కత్తి పెద్దదయ్యేకొద్దీ దానికి నోరు కూడా పెరుగుతుందేమో. పార్కులో తెలుగువాళ్లం నలభైమంది వనభోజనాలకు చేరినప్పుడు పుచ్చకాయ కోయడానికి అలాగే తెరిచాను. ఠక్ మంది. పక్క బల్ల దగ్గర పిల్లాడికి అన్నం కలుపుతున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. క్యారమ్స్ ఆడుతున్న ఇద్దరు తలలు ఎత్తారు. ఒక పెద్దావిడ మాత్రం తాపీగా, “ఏం బాబూ, మీ ఇంట్లో కూరగాయల కత్తి లేదా?” అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ కాయ కోస్తున్నంతసేపూ చెవులు వేడెక్కే ఉన్నాయి.

అప్పటినుంచి జనం మధ్య రెండు చేతులతో, మెల్లగా, బ్లేడు నేలవైపు ఉంచి తెరుస్తున్నాను. చివర్లో తాళం మీద వేలు ఆనిస్తే చప్పుడు రాదు. ఈ కత్తితో నేను నేర్చుకున్న మొదటి విద్య అది. చిత్రం ఏమిటంటే, ఒంటి చేత్తో చటుక్కున తెరవడానికి వీలుగా చేసిన వస్తువును కొని, రెండు చేతులతో మెల్లగా తెరవడం సాధన చేశాను.

మూయడంలో మాత్రం ఆలస్యంగా బుద్ధి వచ్చింది. పిడి వీపు మీద ఉన్న మీటను నొక్కితే తాళం వదులుతుంది. మూడంగుళాల చాకైతే ఒంటి చేత్తో మూసేయవచ్చు. ఇంత పొడవు బ్లేడుకు మొనవైపు బరువు ఉంటుంది కాబట్టి తాళం వదలగానే అది తనంతట తాను కిందికి ఊగుతుంది. 2019లో ఒకరోజు ఫోను మాట్లాడుతూ మూశాను. చూపుడువేలు దారిలో ఉంది. మూడు కుట్లు. తప్పు పూర్తిగా నాదే. కుట్లు వేస్తూ డాక్టరు “వంట చేస్తుంటే తెగిందా?” అని అడిగితే అవునన్నాను. సోఫాలో తెగిందని చెప్పడానికి మనసు రాలేదు.

ఆ పైన చట్టం తలనొప్పి టెక్సస్‌తో ఆగదు. సెలవుల్లో కారు వేసుకుని కొలరాడో వెళితే అక్కడ మూడున్నర అంగుళాలు దాటిన బ్లేడును బట్టల్లో దాచి తిరగకూడదు. సమాఖ్య ప్రభుత్వ భవనాల్లోనైతే రెండున్నర అంగుళాల కంటే చిన్న జేబు కత్తికే మినహాయింపు. ఇది నాకు పుస్తకంలో చదివి తెలియలేదు. గ్రీన్‌కార్డు వేలిముద్రల కోసం పిలుపు వచ్చింది. ఏడేళ్లుగా ఎదురుచూసిన కాగితం. ఇస్త్రీ చొక్కా, ఫైలు, ఫైలులో రెండేసి జిరాక్సులు, అన్నీ సరిచూసుకుని వెళ్లాను. వరసలో నిలబడ్డాక ముందున్న ఆయన బెల్టు తీసి ట్రేలో పెడుతుంటే నా చెయ్యి నా జేబు మీదికి పోయింది. వేళ్లు చల్లబడ్డాయి. ఏదో మరిచిపోయినట్టు నుదురు కొట్టుకుని (నిజంగానే మరిచిపోయాను కదా) వరసలోంచి బయటికి వచ్చి, ఎండలో కారు దాకా నడిచి, కత్తిని డిక్కీలో పెట్టి మళ్లీ వచ్చి వెనకాల నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరికీ తెలియలేదు. ఆ రోజు సాయంత్రం నుంచి ఆ కత్తి నా జేబులోకి ఎక్కలేదు. అంటే రెండేళ్ల పైచిలుకు మోశాను, ఆరేళ్లుగా మోయడం లేదు. కానీ అమ్మలేదు.

మోసిన రోజుల్లో గమనించినది ఒకటుంది. చిన్న చాకు జేబులో ఉంటే పని వచ్చినప్పుడు అది గుర్తుకు వస్తుంది. పెద్దది ఉంటే అది గుర్తుకు వచ్చి మనం పని వెతుకుతాం. అట్టపెట్టె టేపు కోయాలన్నా, కొత్త చొక్కా చీటీ తెంపాలన్నా అదే తీసేవాణ్ణి. ఆ పనులన్నీ రెండంగుళాల బ్లేడు ఇంకా బాగా చేస్తుంది. డాలస్‌లో తుపాకుల ప్రదర్శనలో ఒకసారి ఏడున్నర అంగుళాల బ్లేడున్న ఎస్పాడా అనే మడత కత్తి చేతికిచ్చారు. ఆండ్రూ డెమ్కో రూపకల్పన చేసిన కత్తి, కోల్డ్ స్టీల్ అనే కంపెనీ వాళ్లది. ఎస్పాడా అంటే స్పానిష్‌లో ఖడ్గం. పనితనం అద్భుతం. తెరిచి చూసి, దీనికి సరిపడే పని వెతకాలంటే నాకు ఈ జన్మ చాలదనుకుని భద్రంగా తిరిగి ఇచ్చేశాను.

సరే, దీనికి తగిన పనులు అసలు లేవా అంటే ఉన్నాయి, తిండి దగ్గర. పుచ్చకాయ, పెద్ద రొట్టె, క్యాంపులో నిప్పు రాజేయడానికి పుల్లలు చెక్కడం. ఒక్క పనస జోలికి మాత్రం వెళ్లకండి. ఏషియన్ మార్కెట్లో పనసపండు దొరికిందన్న ఆనందంలో ఇంటికి తెచ్చి దీంతోనే కోశాను. బ్లేడుకు నూనె రాయాలన్న జ్ఞానం ఉంది గానీ, జిగురు ఇరుసులోకి దిగుతుందన్న జ్ఞానం లేదు. మర్నాటికి కత్తి సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. మరలు విప్పి, కొబ్బరినూనెలో నానబెట్టి, పంటిపుల్లతో జిగురు గీకి, సబ్బుతో కడిగి, మళ్లీ బిగించేసరికి ఆదివారం అయిపోయింది. కత్తిపీటకు కీలు ఎందుకు పెట్టలేదో ఆ రోజు అర్థమైంది.

తిండి పనికే అయితే ఇంతకంటే మేలైనది ఉంది. నా వేలు తెగినప్పుడు స్నేహితుడు ఫ్రాన్స్ నుంచి ఒపినెల్ అనే మడత కత్తి, 12 నంబరుది, తెచ్చి ఇచ్చాడు. సవోయ్ కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన కత్తి ఇది. 1897 నాటికే ఒకటి నుంచి పన్నెండు దాకా సైజులు వచ్చాయి. బ్లేడును నిలిపి ఉంచే తిరిగే ఉంగరం 1955లో చేరింది. బ్లేడు పన్నెండు సెంటీమీటర్లు, పిడి బీచ్ చెక్క. బరువు నా కత్తిలో దాదాపు సగం. బ్లేడు పలచన కాబట్టి ఉల్లిపాయను చీల్చదు, కోస్తుంది. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు గోటికి అందదు. అప్పుడు పిడి వెనక కొనను బల్ల మీద ఒక దెబ్బ వేస్తే బ్లేడు కొంచెం బయటికి తొంగిచూస్తుంది. సవోయ్ వాళ్ల చిట్కా అది. దాన్ని ఇప్పుడు మా ఆవిడే వాడుతుంది, నన్ను అడగకుండా. ఒపినెల్‌లో 13 నంబరు కూడా ఉంది. దాని బ్లేడు 22 సెంటీమీటర్లు. అది కొననని ఇంట్లో మాట ఇచ్చి ఉన్నాను.

నా పెద్ద కత్తికి అసలైన పని దొరికింది మాత్రం మా నాన్నగారి చేతిలో. 2023 సంక్రాంతికి ఆయన ఇక్కడే ఉన్నారు. మాది ఉయ్యూరు దగ్గర, చెరకు పండించిన చెయ్యి ఆయనది. మెక్సికన్ దుకాణంలో రెండు గడలు కొని తెస్తే వంటింటి కత్తులన్నీ ఒక్కొక్కటే తీసి చూసి పక్కన పెట్టారు. మొహమాటపడుతూనే దీన్ని ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, “మడిచినా ఇంత ఉంది, ఇక మడవడం ఎందుకురా?” అన్నారు. నేను నాలుగుసార్లు కొలిచిన కత్తిని ఆయన ఒక్క మాటలో కొలిచేశారు. కానీ పెరటి మెట్టు మీద కూర్చుని గడ నిలబెట్టి చెక్కడం మొదలుపెట్టాక నేను చూస్తూ ఉండిపోయాను. గడ నిలబడే ఉంది, కత్తి పైనుంచి కిందికి జారుతోంది, ఊదారంగు తొక్క పొడవాటి పేలికలుగా ఊడి పడుతోంది. కణుపు దగ్గరకు రాగానే మణికట్టు చిన్నగా తిరుగుతుంది, కత్తి ఆగదు. పొడవు బ్లేడు కాబట్టి ఒక్క లాగుకే జానెడు తొక్క వచ్చేస్తోంది. అయిదేళ్లలో ఆ కత్తి అంత సుఖంగా కదలడం నేను చూడలేదు.

రెండో గడ సగంలో ఉండగా పదును తగ్గిందన్నారు. నా సానరాయి తెచ్చే లోపే కాఫీ కప్పును బోర్లించి, అడుగున గ్లేజు లేని గరుకు అంచు మీద నాలుగు లాగులు ఇటు, నాలుగు లాగులు అటు లాగారు. గోటి మీద ఆనించి చూసుకుని మళ్లీ పనిలో పడ్డారు. నేను నలభై డాలర్లు పెట్టి కొన్న రాయి మీద పిడి దగ్గరి భాగం ఎప్పుడూ మొద్దుగానే మిగిలిపోయేది, మొన గుండ్రబడేది.

తిరిగి వెళ్లేటప్పుడు చెకిన్ పెట్టెలో పెట్టి పంపనా అని అడిగాను. మన దేశంలో లైసెన్సు గొడవ తొమ్మిది అంగుళాలు దాటిన బ్లేడుకో, రెండు అంగుళాలు దాటిన వెడల్పుకో అని కూడా చెప్పాను. ఆయన నవ్వారు. “లైసెన్సు సంగతి కాదురా. మన ఊళ్లో చెరకు తోటలోకి ఈ చాకు పట్టుకుని వెళితే కూలీలు నవ్వుతారు” అన్నారు.

కత్తి ఇప్పుడు గ్యారేజీలో క్యాంపు సామాను పెట్టెలో ఉంటుంది. జేబులో రెండున్నరకు లోపు ఉన్న చాకు ఒకటి తిరుగుతోంది. కప్పు మాత్రం వంటింట్లోనే ఉంది. దాని అడుగున ఉక్కు గీతలు నల్లగా పడ్డాయి, ఎంత తోమినా పోవడం లేదు. చుట్టాలు వస్తే మా ఆవిడ దాన్ని నాకే ఇస్తుంది.