వాకీటాకీలు కొంటున్నారా? డబ్బా మీది ‘50 కిలోమీటర్లు’ నమ్మకండి

వేడుకలకు ఏర్పాట్లు చూసే చిన్న బృందం మాది. పార్కింగ్‌లో ఒకరు, వేదిక దగ్గర ఒకరు, వంటల దగ్గర ఇంకొకరు ఉంటాం. ఫోన్లతో వేగలేక ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర వాకీటాకీల సెట్టు తెప్పించాం. డబ్బా మీద ఏముందంటే: 50 కిలోమీటర్ల రేంజ్, 8 వాట్లు, 121 ప్రైవసీ కోడ్‌లు, లైసెన్స్ అక్కర్లేదు. తీరా వాడి చూస్తే సెల్లార్‌లో ఉన్న మనిషి మాట మూడో అంతస్తుకే చేరలేదు. గరగర తప్ప ఏమీ వినిపించదు. వెనక్కి తీసుకోమంటే, “అది ఖాళీ మైదానంలో వచ్చే రేంజ్ అండీ, మీరు సీల్ తీసేశారు కూడా” అని చేతులు దులిపేసుకున్నారు. పేరు రాయను. ఇవే మాటలు చాలామంది డబ్బాల మీద కనిపిస్తున్నాయి కాబట్టి మాటల సంగతే చెబుతా.

ముందు ఆ 50 కిలోమీటర్లు. ఈ రేడియోల సిగ్నల్ దాదాపు చూపు సాగినంత దూరమే పోతుంది, భూమి వంపు దాటాక అందదు. మనిషి నిలబడి నోటి ఎత్తులో సెట్ పట్టుకుంటే చదునైన నేల మీద ఆ హద్దు 5 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. అవతలి మనిషికీ అంతే కాబట్టి ఇద్దరి మధ్య మహా అయితే 10. అదీ మధ్యలో చెట్టూ గోడా ఏమీ లేకపోతే. 50 రావాలంటే ఒకరు సుమారు 120 మీటర్ల గుట్టెక్కాలి, రెండోవారు కింద మైదానంలో ఉండాలి. అలా ఎవరు వాడతారు? కాబట్టి “ఖాళీ మైదానంలో” అన్న జవాబు కూడా నిజం కాదు. ఇళ్ల మధ్య ఒకటి రెండు కిలోమీటర్లు వచ్చినా మంచి సెట్ అనే అనుకోవాలి. కాంక్రీటు భవనంలో కిలోమీటర్లు కాదు, అంతస్తులు లెక్కపెట్టుకోవాలి.

వాట్లు ఎక్కువైతే దూరం పెరగదా అంటారు. పవర్ నాలుగు రెట్లు చేస్తే అడ్డేమీ లేని చోట కూడా దూరం రెట్టింపే. పైగా బ్యాటరీ తొందరగా అయిపోతుంది. వాట్ల కంటే ఏ బ్యాండ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీల వరస అన్నది ముఖ్యం. భవనాల లోపల వాడేవాళ్లకు 400 మెగాహెర్ట్జ్ పైనుండే యూహెచ్ఎఫ్ నయం. కిటికీలు, తలుపులు, మెట్ల దారుల గుండా అది కాస్త మెరుగ్గా దూరుతుంది. పొలాలు, బయలు ప్రదేశాల్లో తిరిగేవాళ్లకు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే వీహెచ్ఎఫ్ బాగుంటుంది, కానీ దాని యాంటెన్నా పొడుగ్గా ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. మాకు అంటగట్టినవి పొట్టి యాంటెన్నా వీహెచ్ఎఫ్ సెట్లు! భవనాల్లో వాడతామని ముందే రాసి అడిగాం కూడా.

అసలు మోసం “8 వాట్లు, లైసెన్స్ అక్కర్లేదు” అన్న జంటలో ఉంది. యూరప్‌లో లైసెన్స్ లేకుండా వాడే పీఎంఆర్ 446 సెట్లకు పరిమితి అర వాట్. అమెరికాలో అలాగే లైసెన్స్ లేకుండా వాడే ఎఫ్ఆర్ఎస్ సెట్లకు ఎక్కువలో ఎక్కువ 2 వాట్లు. ఈ రెండు రకాలకూ యాంటెన్నా ఊడదీసేలా ఉండకూడదు. 8 వాట్లు నిజమైతే లైసెన్స్ మాట అబద్ధం, లైసెన్స్ మాట నిజమైతే వాట్లు అబద్ధం. పట్టుబడితే సమాధానం చెప్పుకోవాల్సింది వాడినవాళ్లే. ఒక దేశంలో చెల్లిన సెట్ ఇంకో దేశంలో చెల్లకపోవచ్చు. కొనే ముందు ఏ ఫ్రీక్వెన్సీ, ఎన్ని వాట్లు, ఆ మోడల్‌కి మీ దేశంలో ఆమోదం ఉందా అన్నవి రాతపూర్వకంగా అడగండి. నీళ్లు నమిలితే అక్కడే ఆపేయండి.

ఇక 121 ప్రైవసీ కోడ్‌లు. ఇవి గోప్యతకు పనికిరావు. వేరే బృందాల మాటలు మన స్పీకర్లో రాకుండా ఆపుతాయంతే, మన మాటలు వినకుండా ఎవరినీ ఆపవు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే. పక్క హాలు సెక్యూరిటీవాళ్లు మా మాటలన్నీ విని నవ్వుకున్నారు. డబ్బులు, అతిథుల గదుల నంబర్లు వీటిలో మాట్లాడకండి. నిజంగా గోప్యత కావాలంటే ఎన్‌క్రిప్షన్, అంటే మాటల్ని ఇతరులకు అర్థం కాకుండా మార్చి పంపే ఏర్పాటు ఉన్న డిజిటల్ సెట్లు చూడాలి, దానికి అనుమతి ఉందో లేదో కూడా కనుక్కోవాలి. అవి తీసుకుంటే అన్నీ ఒకే రకం తీసుకోండి. డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతి సెట్‌కి వేరే డిజిటల్ పద్ధతి సెట్‌తో పొత్తు కుదరదు.

బ్యాటరీ గంటలు కూడా అంతే. ఆ లెక్క మామూలుగా 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, మిగతా 90 శాతం ఊరికే ఉండటం అన్న కొలత మీద వేస్తారు. వేడుక రోజున బటన్ మీంచి వేలు తీసేదెప్పుడు? విడి బ్యాటరీ దొరికే మోడలే తీసుకోండి. కొన్ని చవక సెట్లు టైప్-సి పోర్ట్ ఉన్నా రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చార్జ్ కావు, అదీ చూసుకోండి.

ఒకేసారి మొత్తం సెట్టు కొనకుండా ముందు రెండే తెప్పించండి. సీల్ తీస్తే రిటర్న్ ఉందా అన్నది ఆర్డర్‌కి ముందే తేల్చుకోండి. సెల్లార్‌లో ఒకరు, పై అంతస్తులో ఒకరు నిలబడి తలుపులన్నీ మూయించి మాట్లాడి చూడండి. రిటర్న్ గడువు ముగిసేలోపే ఈ పని అయిపోవాలి. అమ్మేవాళ్లు రెండు సెట్లు విడిగా ఇవ్వం అని చెబితే ఇంకో చోట వెతుక్కోండి.