నెల్లూరు లాడ్జికి వేణ్ణీళ్లు: గదికో గీజరా, మిద్దె మీద సోలారా, హీట్ పంపా? ఏది మేలు?

హోటల్ వాళ్లు పచ్చదనం గురించి ఆలోచించగానే సోలార్ వాటర్ హీటర్ పెట్టేద్దామంటారు. మంచి ఆలోచనే. కానీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దానికి ముందు వాతావరణం సంగతి తేల్చుకోవాలి. మనకు వానలు ఎక్కువగా కురిసేది ఈశాన్య రుతుపవనాలకు, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బస దిగినవాళ్లు వేణ్ణీళ్లు అడగడం మొదలయ్యేదీ అప్పుడే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన రోజులు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను రోజులు గుర్తుకు తెచ్చుకోండి. వరసగా ఎన్నాళ్లు ఎండ మొహం చూడలేదో! మరోవైపు రోహిణి కార్తెలో సోలార్ ట్యాంకు నీళ్లు సలసల కాగుతుంటాయి, అడిగేవాడు ఉండడు. కావలసిన నెలల్లో ఎండ తక్కువ, ఎండ మండే నెలల్లో అవసరం తక్కువ. ఈ ఒక్క సంగతి లెక్కలన్నిటినీ మార్చేస్తుంది.

పోలికకు 20 గదుల లాడ్జి ఒకటి అనుకుందాం. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు బస్టాండు దగ్గరో ఉండే మామూలు లాడ్జి. సగటున 14 గదులు నిండుతాయి, గదికి ఇద్దరు. మనిషికి 55 డిగ్రీల నీళ్లు 35 లీటర్లు వేసుకుంటే రోజుకు దాదాపు 1000 లీటర్లు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్ అవర్లు కావాలి. డిసెంబరు ఉదయం ట్యాంకులో నీళ్లు 25 డిగ్రీలు ఉంటే పెంచాల్సింది 30 డిగ్రీలు. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు కాబట్టి 1000 లీటర్లకు 35 యూనిట్ల వేడి. ఏ పద్ధతి పెట్టినా ఈ 35 మారదు. అందులో ఎంత కరెంటు మీటరు గుండా వస్తుందన్నదే తేడా.

గదికో గీజరు

15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజరు నీటిని 27 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 17 నిమిషాలు పడుతుంది, అర యూనిట్ పైచిలుకు ఖర్చవుతుంది. పెట్టడం తేలిక. ఒకటి పాడైతే ఒక్క గదికే ఇబ్బంది. పొడుగాటి వేణ్ణీళ్ల లైను అక్కర్లేదు. పది గదుల లోపు లాడ్జికి, అందులోనూ రోజూ సగం గదులు ఖాళీగా ఉండేచోట, ఇదే సరైనది. అంత చిన్నదానికి సెంట్రల్ సిస్టమ్ పెడితే పైపులు వెచ్చగా ఉంచడానికే సగం వేడి పోతుంది.

గదులు పెరిగే కొద్దీ చిక్కు లోడు దగ్గర వస్తుంది. 20 గీజర్లంటే 40 కిలోవాట్లు. పెళ్లి బృందం దిగిందంటే తెల్లవారుజామున ఐదింటికి అన్ని గదుల్లోనూ స్విచ్ ఒకేసారి పడుతుంది. కాంట్రాక్టు లోడు (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న కిలోవాట్లు), కేబుల్ సైజు, జనరేటరు సైజు, అన్నీ ఆ ఒక్క గంట కోసం పెద్దవి కొనాలి. పైగా అతిథి స్విచ్ ఆపడు. ఆన్‌లో ఉన్న గీజరు వాడకపోయినా వేడి కోల్పోతూ, మళ్లీ కాచుకుంటూ ఉంటుంది. ఆ నష్టం ఎంతో బీఈఈ (కరెంటు పొదుపును చూసే కేంద్ర సంస్థ) స్టార్ లేబుల్ మీదే రాసి ఉంటుంది, 24 గంటలకు యూనిట్లలో. కొనేటప్పుడు నక్షత్రాల కన్నా ముందు ఆ అంకె చూడండి.

గీజర్లతోనే ఉండేవాళ్లు గీజరు లైనును కూడా కీకార్డు స్విచ్ (తలుపు దగ్గరి స్లాటులో గది కార్డు గుచ్చితేనే కరెంటు ఇచ్చేది) కిందికి తేవాలి. స్లాటులో ఏ విజిటింగ్ కార్డు గుచ్చినా పనిచేసే రకం వద్దు, గది కార్డును గుర్తుపట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ రకం తీసుకోండి. గీజరు లోడును స్లాటులోని చిన్న రిలే మీద వేయకుండా 25 ఆంపియర్ల కాంటాక్టరు (పెద్ద లోడు మోసే స్విచ్) ద్వారా ఇవ్వాలి. లేకపోతే ఏడాది తిరక్కుండా రిలే కాంటాక్టులు కాలిపోతాయి.

మిద్దె మీద సోలారు

1000 లీటర్లకు 2 చదరపు మీటర్ల ఫ్లాట్ ప్లేట్లు (ఎండకు నీళ్లు కాచే పలకలు) 8 నుంచి 10 కావాలి. దక్షిణం వైపు, 25 డిగ్రీల వాలు ఉండాలి. నెల్లూరు అక్షాంశం 14 డిగ్రీల పైన, ఒంగోలుది 15 పైన. దానికి పది డిగ్రీలు కలిపితే చలికాలపు వాలు ఎండ బాగా తగులుతుంది. వేసవి కోసం వాలు తగ్గించే పని లేదు, అప్పుడు ఎలాగూ మిగులే.

ఎండ ఉన్న రోజున దీన్ని మించింది లేదు. ఖర్చు సున్నా. ఇబ్బంది పెట్టేది నీళ్లు. కొత్తపట్నం, మైపాడు వైపు తీరం బోర్లలో ఉప్పు, పొదిలి, కనిగిరి వైపు బోర్లలో కఠినత్వం. ఫ్లాట్ ప్లేటులోని రాగి గొట్టాలు అర అంగుళం లావే ఉంటాయి. వేడికి సున్నం వాటి లోపల గట్టిగా పేరుకుని, ముందు ప్రవాహం తగ్గి, తర్వాత మూసుకుపోతుంది. పైనుంచి చూస్తే ప్లేటు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగా వస్తాయి. ఇలాంటి నీళ్లకు హీట్ ఎక్స్‌చేంజర్ రకం ఫ్లాట్ ప్లేటు తీసుకోవాలి. అందులో ప్లేట్ల మధ్య తిరిగే మంచినీళ్లు వేరు, అతిథి వాడే నీళ్లు వేరు. లేదంటే గాజు గొట్టాల రకం. దానిలోనూ సున్నం పడుతుంది, కానీ గొట్టం వెడల్పు కాబట్టి మూసుకుపోదు, ఊడదీసి కడుక్కోవచ్చు.

గాజు గొట్టాలకు రెండు గండాలు. మొదటిది, ట్యాంకు ఖాళీ అయి మధ్యాహ్నం ఎండకు గొట్టాలు కాలిపోతున్నప్పుడు చన్నీళ్లు వదలడం. టప్పున పగులుతాయి. ట్యాంకు ఎండిపోయిందని మధ్యాహ్నం తెలిసినా పొద్దు గూకేదాకా వాల్వు తిప్పకూడదు. రెండోది, ప్రెషర్ పంపు. గాజు గొట్టాల మామూలు సిస్టమ్ ఒత్తిడి తట్టుకోదు. పెద్ద షవర్ల కోసం ప్రెషర్ పంపు పెట్టే హోటల్‌కు అది పనికిరాదు. గ్రావిటీ మీదే నడపాలంటే చన్నీళ్ల ట్యాంకు అడుగు, వేణ్ణీళ్ల ట్యాంకు పైభాగం కన్నా ఎత్తులో ఉండాలి. పాత మిద్దెల మీద దీనికే చోటు కుదరదు.

సోలారు పెట్టాక కూడా కరెంటు బిల్లు తగ్గలేదన్న ఫిర్యాదు వింటుంటాం. తొంభై పాళ్లు అది బ్యాకప్ హీటరు పనే. మబ్బు రోజుల కోసం ట్యాంకులో పెట్టిన 6 కిలోవాట్ల ఎలిమెంటును ఎవరో ఆన్ చేసి మరిచిపోతారు. రాత్రి నీళ్లు వాడగానే అది మళ్లీ కాచేస్తుంది. పొద్దున సూర్యుడు వచ్చేసరికి ట్యాంకు నిండా వేణ్ణీళ్లే, ఎండకు చేయడానికి పని మిగలదు. ఎలిమెంటుకు టైమరు పెట్టి రాత్రి మూడు నుంచి ఐదు దాకా మాత్రమే నడవనివ్వండి. ఆ రెండు గంటల్లో అది చేయగలిగింది 12 యూనిట్ల వేడి. మబ్బు బాగా పట్టిన రోజు చాలకపోతే ఆ రోజుకు చేత్తో పెంచుకోవచ్చు.

హీట్ పంపు

ఇది తిరగేసిన ఏసీ. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి తోస్తుంది. మన దగ్గర డిసెంబరులోనూ గాలి వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు మూడున్నర యూనిట్ల వేడి వస్తుందని లెక్క వేసుకోవచ్చు. దీన్నే సీఓపీ అంటారు. అంటే మన 1000 లీటర్లకు 35 బదులు 10 యూనిట్లు. యూనిట్ పది రూపాయల లెక్కన రోజుకు 250 మిగులు. ఏడాది పొడవునా అంత మిగలదు, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వాడకం పడిపోతుంది. ఏడు నెలలే లెక్కలోకి తీసుకుంటే 50 వేల చిల్లర. మీకొచ్చిన కొటేషన్‌ను ఆ అంకెతో భాగించండి. అమ్మేవాళ్లు 365 రోజులతో గుణించి చూపిస్తారు, ఒప్పుకోకండి.

లోడు సంగతి మరీ బాగుంటుంది. 3 కిలోవాట్ల కరెంటు తీసుకుని 10 కిలోవాట్ల వేడి ఇచ్చే మెషిను చాలు. 40 కిలోవాట్లు ఎక్కడ, 3 ఎక్కడ! తుఫానుకు కరెంటు పోయినా చిన్న జనరేటరు మీద నడుస్తుంది. పెళ్లి రోజు సరిపోతుందా? లాడ్జి నిండితే 40 మందికి 1400 లీటర్లు కావాలి. 1000 లీటర్ల ట్యాంకులో పైన వేడిగా దొరికేది 750. ఐదు నుంచి ఏడున్నర దాకా మెషిను కాచేది ఇంకో 700. గట్టెక్కుతుంది. ఇక శబరిమల సీజన్‌లో హైవే లాడ్జీలు నిండినా మాలధారులు చన్నీళ్లే పోసుకుంటారు కాబట్టి ఆ లెక్కన ట్యాంకు పెంచనక్కర్లేదు.

మెషినును తప్పు చోట పెట్టడం వల్లే ఎక్కువ చెడుతుంది. మెట్ల గది మూలలో, మూసిన షెడ్డులో పెడితే అది వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, సీఓపీ పడిపోతుంది. గాలి వదిలే వైపు కనీసం మూడడుగుల ఖాళీ ఉండాలి. కింద అతిథి గది ఉంటే రబ్బరు మౌంట్లు తప్పనిసరి, లేకపోతే రాత్రంతా మూలుగు. కొంచెం శ్రద్ధ పెడితే ఆ చల్లగాలిని డక్టుతో వంటగదిలోకి మళ్లించొచ్చు. వేసవిలో పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు అదెంత ఉపశమనమో చెప్పనక్కర్లేదు. ముందే కంపెనీకి చెప్పి, డక్టు ఒత్తిడి తట్టుకునే ఫ్యాన్ ఉన్న మోడలే తీసుకోవాలి.

తీరానికి దగ్గరైతే ఉప్పుగాలికి మెషిను అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. పూత పూసిన రెక్కలు అడగండి. పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడగాలి, కారు వాష్ పంపుతో కాదు, రెక్కలు ముడుచుకుపోతాయి. ట్యాంకు విషయంలో ఎస్‌ఎస్ 304 (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) అనగానే సంతృప్తి పడొద్దు. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో దాని వెల్డింగు అతుకుల దగ్గర సూది బెజ్జాలు పడతాయి. గ్లాస్ లైన్డ్ (లోపల గాజు పూత ఉన్న) ట్యాంకు, లోపల ట్యాంకుకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ, అంటే యానోడు, ఆ యానోడును ఏడాదికోసారి, ఉప్పునీళ్లయితే ఆరు నెలలకోసారి తీసి చూడటం మంచి పద్ధతి. కరిగిపోయిన యానోడు మార్చకపోతే తర్వాత కరిగేది ట్యాంకే.

మెషినులో వేడిని మోసే గ్యాసు ఏదో కూడా అడగాలి. ఆర్ 134ఎ భూతాప ప్రభావం కార్బన్ డయాక్సైడుకు 1430 రెట్లు, ఆర్ 32ది 675 రెట్లు. ప్రొపేన్, అంటే ఆర్ 290, మూడు రెట్లే. అది మండే గ్యాసు కాబట్టి ఆరుబయట పెట్టే, తయారీదారు బిగించి పంపిన మోడలే కావాలి. మామూలు ఏసీ మెకానిక్ చేత నింపించకూడదు.

సోలారైనా హీట్ పంపైనా, పైపులు

ఇక్కడ చాలామంది గెలిచింది పోగొట్టుకుంటారు. అంగుళం పైపు 30 మీటర్లలో 15 లీటర్ల నీళ్లు నిలుస్తాయి. చివరి గదివాళ్లు ఒక బకెట్ చన్నీళ్లు వృథాగా వదిలితే గాని వేణ్ణీళ్లు రావు. అందుకని నీళ్లను ట్యాంకుకు తిరిగి తెచ్చే రిటర్న్ లైను వేసి చిన్న పంపుతో తిప్పుతారు. సరే, కానీ తొడుగు లేని 100 మీటర్ల పైపు మీటరుకు 25 వాట్ల చొప్పున పోగొట్టుకుంటే, 24 గంటలకు 60 యూనిట్ల వేడి. స్నానాలకు 35, గోడలకు 60! వేడిని ఆపే నైట్రైల్ ఫోమ్ 19 మిల్లీమీటర్లది తొడిగితే మీటరుకు 8 వాట్లకు దిగుతుంది. పంపుకు టైమరు పెట్టి ఉదయం ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మాత్రమే తిప్పితే రోజుకు 6 యూనిట్లు దాటదు. మిద్దె మీద ఎండ తగిలే ఫోమ్ పైన అల్యూమినియం రేకు చుట్టకపోతే అది పెచ్చులు రాలిపోతుంది. పైపు వేడి తట్టుకునే సీపీవీసీ వేయండి, మామూలు పీవీసీ వేడికి సాగి అతుకుల దగ్గర కారుతుంది.

ట్యాంకు 60 డిగ్రీల దగ్గర ఉంచండి, పొదుపని 45కి దించకండి. 25 నుంచి 45 డిగ్రీల మధ్య లీజియోనెల్లా బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది, షవరు తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లు కాలకుండా గదుల లైను మొదట్లో చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు పెట్టాలి.

కఠినమైన నీళ్లున్నచోట లాడ్జి మొత్తానికీ సాఫ్టెనర్ (నీటిలోని సున్నాన్ని తీసే పరికరం) అక్కర్లేదు, వేణ్ణీళ్ల ట్యాంకుకు వెళ్లే లైనుకు పెడితే చాలు. దానిలోని 50 లీటర్ల రెసిన్ (సున్నాన్ని పట్టుకునే పూసలు), 600 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) కఠినత్వమున్న నీళ్లను నాలుగు వేల లీటర్ల దాకా మెత్తబరుస్తుంది. అంటే నాలుగు రోజులకోసారి 5 నుంచి 7 కిలోల ఉప్పుతో రీజనరేట్ చేయాలి, అంటే ఉప్పునీళ్లతో కడిగి రెసిన్‌ను మళ్లీ పనికి తేవాలి. ఇది సున్నాన్ని ఆపుతుంది, నీటిలోని ఉప్పదనాన్ని ఆపదు. యానోడు పని యానోడుదే.

మరి ఏది?

పది గదుల లోపైతే గీజర్లు, ఆర్‌ఎఫ్‌ఐడీ కీకార్డుతో. సత్రాలు, కల్యాణ మండపాల పక్క డార్మిటరీలు, ఆసుపత్రుల దగ్గర లాడ్జీలు, ఇలా ఏడాదంతా వాడకం నిలకడగా ఉండి, నీళ్లు మంచివై, మిద్దె ఖాళీగా ఉంటే సోలార్ వాటర్ హీటరుకు తిరుగులేదు. ఇప్పటికే ఉన్నవాళ్లు పీకెయ్యొద్దు. దాని ట్యాంకుకే చిన్న హీట్ పంపును బ్యాకప్‌గా కలపండి, ఆ 6 కిలోవాట్ల ఎలిమెంటును పక్కన పెట్టండి.

కొత్తగా పెట్టే 15, 20 గదుల పైబడిన లాడ్జికి మాత్రం హీట్ పంపు, దానికి తోడు మిద్దె మీద కరెంటు పుట్టించే సోలార్ ప్యానెళ్లు మేలు. ఎందుకంటే ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. హీట్ పంపుకు కావాల్సిన 10 యూనిట్లకు రెండున్నర, మూడు కిలోవాట్లు చాలు, ప్యానెళ్ల విస్తీర్ణం 15 చదరపు మీటర్లు. నీళ్లు కాచే ప్లేట్లకు పట్టేది 16 నుంచి 20. పైగా మే నెలలో ప్లేట్లు ఊరికే కాగుతుంటే, ప్యానెళ్లు ఏసీలు నడుపుతాయి. హీట్ పంపును పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా నడిపేలా టైమరు పెట్టండి. అప్పుడు ప్యానెళ్ల కరెంటూ ఉంటుంది, గాలీ వెచ్చగా ఉంటుంది. పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం తెల్లవారుజామున నాలుగుకు ఇంకో విడత.

ఏది పెట్టినా ట్యాంకులోకి వెళ్లే చన్నీళ్ల లైనుకు ఒక నీటి మీటరు, మెషినుకు విడిగా ఒక కరెంటు మీటరు బిగించి, ప్రతి సోమవారం రెండూ రాయించండి. హీట్ పంపుకు 1000 లీటర్లకు 10 నుంచి 12 యూనిట్లు ఉండాలి, పైపుల నష్టంతో కలిపి. 15 దాటితే ముందు రెక్కల దుమ్ము చూడండి, తర్వాత రిటర్న్ పంపు టైమరు, ఆ రెండూ బాగుంటే హీట్ ఎక్స్‌చేంజరులో సున్నం. లీటరు నీటికి 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి రెండు మూడు గంటలు తిప్పి, మంచినీళ్లతో కడిగేస్తే అంకె మళ్లీ దిగుతుంది.